ఎర్రదారంతో అయిదు మాటలు

లినెన్ గది,
మధ్యాహ్నం భోజనాల వేళ

ఏమే పిడుగూ,

ఉత్తరం చూసి గుండెలు బాదుకోకు. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఈ రోజుల్లో ఉత్తరమేంటి అంటావని తెలుసు. ఫోన్లో నువ్వు చెప్పేది నాకు ఈ చెవిన దూరి ఆ చెవిన పోతుంది. కాగితమైతే దుప్పట్ల అల్మరా తలుపుకి లోపలివైపు అంటించుకుంటాను.

సంగతేంటంటే, నాకు ఇంగ్లీషు కావాలి. రెండు నెలల్లో కావాలి.

మా లినెన్ గది ఇన్‌చార్జి పెద్దాయన రెండు నెలల్లో రిటైరవుతున్నాడు. ఈ హోటల్లో ఏ గదికి ఎన్ని దుప్పట్లు వెళ్లాయో, ఏ తువ్వాలు మీద ఏ మరక ఉందో ఆయన తర్వాత తెలిసింది నాకే. ఇరవై రెండేళ్లు ఊరికే పోలేదు కదా. కానీ కొత్తగా వచ్చిన మేనేజరుకి మన భాష ముక్క రాదు. ఇన్‌చార్జి అయినవాళ్లు రోజూ పొద్దున్న పైకెళ్లి ఆయనకి ఇంగ్లీషులో లెక్క చెప్పాలట. ముందు మాట్లాడించి చూస్తాడట. కింద కౌంటర్లో కూర్చునే టై బాబాయి ఆ కుర్చీ మీద కన్నేశాడు. వాడికి దుప్పటికీ టేబులు గుడ్డకీ తేడా తెలియదే! వాడు నా పైన కూర్చుంటే నా చేత్తో ఆరేసిన గుడ్డ తడిగా ఉందో పొడిగా ఉందో వాణ్ని అడగాలి. ఆ రోజు వస్తే నేను ఇంట్లో కూర్చోవడమే నయం.

నాకు అక్షరాలు వచ్చు. ప్రతి గుడ్డ మూలా ఎర్రదారంతో హోటలు అక్షరాలు కుట్టేది నేనే. కుట్టడం వచ్చు, అర్థం తెలియదు.

నువ్వక్కడ ట్రైనింగ్ సెంటర్లో ముప్ఫైమందికి ఇంగ్లీషు నేర్పుతున్నావు కదా. వాళ్లలో ఒకరికి జలుబు చేసిందనుకుని ఆ చోటు నాకివ్వు. చిన్నప్పుడు నీకు జడలేసింది ఎవరో గుర్తు తెచ్చుకుని మరీ జవాబు రాయి.

మీ అత్త


నా గది,
కిటికీ పక్క బల్ల

అత్తా,

జడలేసింది నువ్వే, ఆ జడ పట్టుకుని లాగి మొట్టికాయలేసిందీ నువ్వే. రెండూ గుర్తున్నాయి. ఇప్పుడు గురువుని నేను. చేతులు కట్టుకుని విను.

నా క్లాసులో ఒక నియమం ఉంది. ఉత్తరానికి అయిదు మాటలు ఇస్తాను. ఒక్కోదానితో ఒక్కో వాక్యం రాయాలి, ఆ వాక్యం నిజమవ్వాలి. ఆ వారం నీ కళ్లముందు జరిగిందే రాయాలి. ‘పిల్లి చాప మీద ఉంది’ లాంటివి పంపితే చింపేస్తా. మీ ఇంట్లో పిల్లీ లేదు, చాపా లేదు. అబద్ధంతో నేర్చుకున్న మాట నోటికి రాదు అత్తా, నిజంతో నేర్చుకున్నదే అవసరానికి వస్తుంది. ఇది నేను కనిపెట్టిందే. మా సెంటర్ ఓనరు కూడా మెచ్చుకున్నాడు.

మొదటిది మిస్సింగ్, అంటే ఉండాల్సిన చోట లేకపోవడం. అవైలబుల్ అంటే కావాలంటే దొరకడం. స్టబ్బర్న్ అంటే మొండి, ఇది మనిషికీ వాడొచ్చు, వదలని మరకకీ వాడొచ్చు. ప్రిటెండ్ అంటే తెలియకపోయినా తెలిసినట్టు నటించడం. ఆఖరిది అఫ్రెయిడ్, భయపడటం.

అన్నట్టు, పంపులు బాగుచేసే మీసాలాయన ఇంకా నీ చేతి టీ కోసం చెడిపోని పంపు చూడ్డానికి వస్తున్నాడా? మావయ్యకి చెప్పనులే.

నీ గురువు


లినెన్ గది,
ఇస్త్రీ బల్ల మీద పెట్టి రాస్తున్నాను

పిడుగు గురువుగారికి,

ముందు పాఠం అప్పజెబుతా.

టెన్ టవల్స్ ఆర్ మిస్సింగ్. గెస్ట్ ఈజ్ ఆల్సో మిస్సింగ్. ఇది నూరుపాళ్లు నిజం. నలభైరెండో గదిలో దిగిన పెద్దమనిషి తెల్లారేసరికి తువ్వాళ్లతో సహా మాయమైపోయాడు.

టీ ఈజ్ అవైలబుల్. షుగర్ ఈజ్ నాట్ అవైలబుల్. మై హజ్బెండ్ ఈజ్ స్టబ్బర్న్. ఈ రెండూ కలిపి చదువుకో. కళ్లజోడు పెట్టించుకోమని ఏడాదిగా మొత్తుకుంటున్నా. ‘నాకేం, గద్ద చూపు’ అంటాడు మీ మావయ్య. మొన్న పంచదార డబ్బాలో పంచదార లేదు, ఆ గద్ద పక్కనున్న ఉప్పు డబ్బా తీసింది. రెండు చెంచాలు కలుపుకుని తాగి, పాలు విరిగాయని నన్ను తిట్టాడు. స్టబ్బర్న్ అంటే ఏంటో మా గదిలో అందరికీ ఇట్టే బుర్రకెక్కింది.

టై బాబాయి ప్రిటెండ్స్. మేనేజరు ఏం మాట్లాడినా తలూపుతాడే. ఒకరోజు ఆయన దగ్గుతుంటే కూడా ‘ఎస్ సర్’ అన్నాడు. ఒట్టు!

కాగితం అయిపోయింది, అయిదోది తర్వాత రాస్తా.

ఇంకో సంగతి చెప్పాలి. కోప్పడకు. నీ ఉత్తరం నేనొక్కదాన్నే చదవడం లేదు. మడతలు పెట్టే మా ఏడుగురం బల్ల చుట్టూ నిలబడితే ఒకామె పైకి చదువుతోంది. మీసాలాయన మాట వచ్చేసరికి ఆయన అక్కడే, మా పంపు కిందే ఉన్నాడు! రెంచీ వదిలేసి పారిపోయాడు. మళ్లీ రాలేదు. ఈసారి పంపు నిజంగానే కారుతోంది. పాపం నీదే.

చినిగిన పాత దిండు గలీబుల మీద నీ మాటల్ని ఎర్రదారంతో కుట్టి ఇస్త్రీ బల్ల పైన వరసగా తగిలించాం. ఒక్కో మాట ఒక్కో గలీబు. చేత్తో కుట్టిన మాట నాకు మరిచిపోబుద్ధి కాదు.

ఏడుగురం కలిసి తీర్మానం చేశాం. శిష్యులు నిజం వాక్యాలు రాస్తుంటే గురువు గట్టున కూర్చుని చూస్తానంటే కుదరదు. ఈసారి నీ అయిదు మాటలకీ నువ్వు కూడా రాయాలి.

అత్త, మరో ఆరుగురు


నా గది

అత్తా!

పైకి చదివించావా? మీసాలాయన ముందా? నేనిక మీ హోటలు ఛాయలకి రాను. మిగతా ఆరుగురికీ నమస్కారాలు, మీరందరూ చెవులు మూసుకోండి.

కాగితం అయిపోయిందని రాసి, దాని కింద పేజీన్నర రాశావేం? అఫ్రెయిడ్ ఎక్కడ? వేలెడు మాటకి చోటు దొరకలేదా?

ఈసారి మాటలు బారో, స్పిల్, నైబర్, అడ్మిట్, టీచ్. బారో అంటే తిరిగిచ్చేలా అడిగి తీసుకోవడం. స్పిల్ అంటే ఒలికిపోవడం. నైబర్ పక్కింటి మనిషి. అడ్మిట్ అంటే అవును నేనే చేశానని ఒప్పుకోవడం. టీచ్ నీకు తెలుసు.

నావి కూడా రాస్తున్నా, సంతోషమేనా. ఐ బారోడ్ యాన్ అంబ్రెల్లా ఫ్రమ్ మై నైబర్. ఇది రెండు మాటల కింద లెక్క. గొడుగు తెరిస్తే లోపల బొద్దింక ఉంది, అది కూడా తిరిగిచ్చేశాను. ఐ స్పిల్డ్ ఇంక్ ఆన్ మై బెడ్. ఐ అడ్మిట్ దట్ ఐ హిడ్ ద స్టెయిన్ విత్ ఎ పిల్లో. ఇంటావిడకి తెలిస్తే చంపేస్తుంది, సిరా మరకకి ఏదైనా మందు ఉంటే రాయి.

ఇక్కడ వానలు. ఉంటాను.

నీ పిడుగు


లినెన్ గది,
తలుపు గడియ పెట్టుకుని

పిడుగూ,

సిరా మరకకి పాలల్లో నానబెట్టి ఉతుకు. దిండు పెట్టి దాస్తే పోదు, ఇంకా గట్టిపడుతుంది.

ఈ ఉత్తరం పైకి చదవనివ్వను. నేనొక్కదాన్నే చదివి, నేనొక్కదాన్నే రాస్తున్నాను.

అయిదు మాటలిచ్చి నాలుగింటికే వాక్యాలు రాశావు. ఇరవై రెండేళ్లుగా గుడ్డలు లెక్కపెట్టిన చెయ్యి ఇది. కట్టలో ఒకటి తగ్గితే కట్టు విప్పకుండానే చెబుతాను. టీచ్ ఏదే? రోజూ చేసే పనికి వాక్యం దొరకలేదా? మొదటి ఉత్తరంలో మా సెంటర్, మా ఓనరు, నా క్లాసు అని ఎగిరెగిరి పడ్డావు. ఈసారి బొద్దింక దాకా రాశావు గానీ క్లాసు ఊసే లేదు. మొన్న మా అన్నయ్య, అదే మీ నాన్న, ‘అమ్మాయి క్లాసులతో తీరిక లేకుండా ఉందిట’ అని మురిసిపోతుంటే నేను మాట మార్చేశాను. ఏం జరిగిందో రాయి. నీ నియమమే, నిజమే రాయాలి.

సరే, నేను ముందు ఒప్పుకుంటా. ఐ యామ్ అఫ్రెయిడ్. చాలా? పైగదిలో నేను నోరు తెరిస్తే అందరూ నవ్వుతారని భయంగా ఉంది. ఇన్నాళ్లూ నా చేతుల్ని చూసి మర్యాదిచ్చినవాళ్లు, నా నోరు చూసి ‘ఓస్, ఇంతేనా’ అనుకుంటారని. ఆ మాట కుట్టాను, విప్పాను, మళ్లీ కుట్టాను. నీకు రాయడానికే చెయ్యి రాలేదు.

అడ్మిట్‌తో ఇంకోటి. ఐ అడ్మిట్ వన్ పిల్లో కవర్ ఈజ్ మిస్సింగ్. పాత గలీబులు అయిపోయాయని తొందరలో ఒక కొత్తదాని మీద స్టబ్బర్న్ కుట్టాను. ఎవరో ఇస్త్రీ చేసి మంచివాటిలో కలిపేశారు. నాలుగు రోజులుగా అల్మరాలన్నీ వెతుకుతున్నాం. ఏ అతిథి తల కింద ఉందో ఏమో! దొరక్కముందే మేనేజరు కంట పడిందంటే నా కొంప మునిగినట్టే.

అత్త


నా గది,
తలుపు నేను కూడా వేసుకున్నాను

అత్తా,

నువ్వు మహా గడుసుదానివి.

క్లాసులో ఒక వడ్రంగి తాతగారు ఉన్నారు. విదేశంలో ఉన్న మనవరాలితో వాళ్ల భాషలో మాట్లాడాలని వస్తారు, ముందు వరసలో కూర్చుంటారు. ఒకరోజు థ్రెషోల్డ్ అంటే ఏంటి మేడమ్ అని ఎవరో అడిగారు. నాకు తెలియదు. తెలియదని చెబితే పోయేది. ముప్ఫైమంది నా మొహంలోకి చూస్తుంటే నోరు దానంతటదే వాగింది. థ్రెషర్ గుర్తొచ్చి ‘పంట నూర్చే యంత్రం’ అన్నాను.

తాతగారు మెల్లిగా, ‘గడప అనుకున్నానమ్మా, తలుపుల కంపెనీ వాళ్ల కాగితంలో అలా ఉంటుంది’ అన్నారు. వెనక వరసలో ఎవరో నవ్వారు. అప్పుడైనా ఆగొచ్చు కదా. ‘కాదండీ, మీది తప్పు, చెరిపేసి నేను చెప్పింది రాసుకోండి’ అన్నాను. ఆయన మారుమాట లేకుండా రబ్బరు తీసి, రాసుకున్న గడపని చెరిపేసి, నేను చెప్పింది రాసుకున్నారు. రబ్బరు పొడి నోటితో ఊది మరీ రాశారు.

ఇంటికొచ్చి నిఘంటువు చూశాను. గడపే అత్తా.

తప్పు చెప్పినందుకు కాదు, ఒప్పు తెలిసిన మనిషి చేత ఒప్పు చెరిపించాను చూడు, అదే నన్ను తినేస్తోంది. మర్నాడు జ్వరమని చెప్పాను. మూడు వారాలైంది. పొద్దున్నే తయారై సెంటర్ మెట్ల దాకా వెళ్లి, ఎదురుగా ఉన్న టీ కొట్లో కూర్చుని తిరిగొస్తున్నాను. టీ కొట్టాయన నాకు పర్మినెంటు బల్ల ఇచ్చాడు. వచ్చే వారం చివరికల్లా రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని ఓనరు కబురు పంపాడు. నిజం వాక్యాలు రాయమని నీకు నీతులు చెప్పిందాన్ని నేనే. నాన్నకి చెప్పకు, నీ కాళ్లు పట్టుకుంటా.

ప్రిటెండ్ అంటే అర్థం టై బాబాయిలో కాదు, నాలో చూసుకో.

పిడుగు


ఇన్‌చార్జి బల్ల, లినెన్ గది
(ఏ బల్లో మళ్లీ చదువు)

ఒసే పిడుగూ,

నీ ఉత్తరం మీద నా తీర్పు ఆఖర్లో. ముందు మా గోల విను.

అరవైమూడో గదిలో భార్యాభర్తలు దిగారు. ఆవిడ పక్క సర్దుకుంటూ గలీబు మీద ఎర్రదారంతో కుట్టిన స్టబ్బర్న్ చూసిందట. పగలబడి నవ్వి, దాన్ని తీసి భర్త తల కింద పెట్టిందట. ఆయనకి ఒళ్లు మండి మేనేజరుకి ఫిర్యాదు చేశాడు. ఇంకేముంది! మేనేజరు ఆ గలీబుని రెండు వేళ్లతో పట్టుకుని మా గదిలోకి దిగాడు. వెనకే టై బాబాయి.

‘హూ డిడ్ దిస్?’ అన్నాడు. టై బాబాయి నావైపు వేలు చూపించి, ‘షీ, సర్’ అన్నాడు. ఇన్నేళ్లలో వాడు పూర్తిగా చెప్పిన ఇంగ్లీషు వాక్యం అదొక్కటే.

ఏడుగురం గోడకి అంటుకుపోయాం. ఇస్త్రీ బల్ల పైన నీ మాటలన్నీ వేలాడుతున్నాయి కదా, అడ్మిట్ సరిగ్గా నా కళ్లెదురుగా ఉంది. ‘ఐ అడ్మిట్ సర్. ఐ స్టిచ్డ్. ఐ యామ్ లెర్నింగ్’ అన్నాను. గొంతు వణికింది, కానీ వచ్చింది!

ఆయన ఆ గలీబులన్నీ ఒక్కొక్కటిగా చదివాడు. ప్రిటెండ్ దగ్గర ఆగి టై బాబాయి వంక ఎందుకు చూశాడో నాకు తెలియదు. తర్వాత నాతో ఏదో పొడుగ్గా అన్నాడు. అందులో ఇన్వెంటరీ అన్న మాట రెండుసార్లు వచ్చింది. నాకది రాదు. తలూపితే సరిపోయేది, పక్కనే ఒకడు ఊపుతున్నాడు కూడా. అప్పుడు నీ వడ్రంగి తాతగారి రబ్బరు గుర్తొచ్చిందే. ‘సర్, ఐ డోంట్ నో దట్ వర్డ్. ప్లీజ్ టెల్ ద మీనింగ్’ అన్నాను.

నవ్వలేదు పిడుగూ! ఆయన నవ్వలేదు. వేళ్లు మడిచి లెక్కపెట్టి చూపించాడు. ఉన్న సరుకు లెక్కట! ‘ఓ, దట్? డైలీ!’ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. దుప్పట్లు నాలుగువందల పన్నెండు, గదుల్లో రెండువందల నలభై, ఉతుకులో నూటపద్దెనిమిది, అల్మరాలో ముప్ఫై అయిదు, చినిగినవి పందొమ్మిది. ‘పిల్లో కవర్, వన్ మిస్సింగ్’ అన్నాను. ఆయన చేతిలోది చూపించి, ‘నౌ నాట్ మిస్సింగ్’ అన్నాను. మా వాళ్లు కిసుక్కున నవ్వారు.

మేనేజరు టై బాబాయి వైపు తిరిగి, చినిగినవి ఎన్ని అని అడిగాడు. ‘ఎస్ సర్.’ హౌ మెనీ అన్నాడు మళ్లీ. ‘ఎస్ సర్, వెరీ గుడ్ సర్.’ పాపం, చెమటకి టై తడిసిపోయింది. నాకు జాలేసింది. అర నిమిషం సేపే.

ఇవాళ కాగితం వచ్చింది. పెద్దాయన వెళ్లాక మూడు నెలలు నేను చేసి చూపించాలి, బాగుంటే కుర్చీ నాదే. అతిథులకి వెళ్లే గుడ్డల మీద మాటలు కుట్టకూడదని కూడా అందులో రాశాడు. ఆ స్టబ్బర్న్ గలీబు మాత్రం తిరిగివ్వలేదు. వాళ్లావిడకి చూపించాలని ఇంటికి పట్టుకుపోయాడట.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు చేసింది తప్పే, బుజ్జగించను. తాతగారి చేత ఒప్పు చెరిపించావు. కానీ దాచుకుని టీ కొట్లో కూర్చుంటే ఆయన పుస్తకంలో ఆ తప్పు అలాగే ఉంటుంది. రేపు ఆయన మనవరాలి దగ్గర గడప అనబోయి పంట నూర్చే యంత్రం అంటే ఆ నవ్వులపాటు ఎవరిది? లేచి వెళ్లి దిద్దు. భయపడుతూనే వెళ్లు. నేను భయం పోయాక మాట్లాడలేదు, వణుకుతూనే మాట్లాడాను.

ఉత్తరంతో పాటు ఒక పొట్లం పంపుతున్నా. చినిగినవాటిలోంచి ఒక తువ్వాలు ‘మే ఐ టేక్?’ అని అడిగే తీసుకుని నాలుగు మడతలేసి కాళ్లు తుడుచుకునే పట్టా కుట్టాను. మధ్యలో ఎర్రదారంతో నీ థ్రెషోల్డ్ ఉంది. అక్షరం అక్షరం మా ఇన్‌చార్జి పెద్దాయన్ని అడిగి సరిచూసుకున్నాను. క్లాసు తలుపు దగ్గర వెయ్యి. కాళ్లు తుడుచుకుని లోపలికి నడు.

మీ నాన్నకి నేను చెప్పను. నువ్వే చెబుతావు.

అత్త


ట్రైనింగ్ సెంటర్,
మొదటి అంతస్తు, క్లాసు అయిన వెంటనే

అత్తా,

తొందరలో రాస్తున్నా, అక్షరాలు వంకర పోతే తిట్టకు.

పట్టా తలుపు దగ్గర పరిచాను. టీ కొట్టాయన కింద నుంచే చూస్తూ, ‘ఇవాళ టీ లేదా మేడమ్’ అని అరిచాడు. దాటేశాను. ముప్ఫైమందీ ఉన్నారు. ‘ఆ రోజు నాకా మాట తెలియదు. తెలిసినట్టు నటించాను. తాతగారిది ఒప్పు, నాది తప్పు. ఆయన చేత చెరిపించాను’ అన్నాను. మూడు వారాలు గొంతులో ఉన్నది మూడు ముక్కల్లో అయిపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

తాతగారు పుస్తకం తెచ్చి నా బల్ల మీద తెరిచారు. నేను చెరిపించిన చోట ‘గడప’ మళ్లీ రాసి ఉంది. ‘ఆ సాయంత్రమే రాసేసుకున్నానమ్మా, ముప్ఫై ఏళ్లు గడపలు చేసినవాణ్ని కదా. మీరు చెప్పింది కూడా పక్కనే ఉంచాను, మా మనవరాలు నవ్వుకుంటుందని’ అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేశాను. తర్వాత ఆయన తలుపు దగ్గరికి వెళ్లి, వంగి, నీ పట్టాని సరిగ్గా జరిపి, ‘గడప కాస్త ఎత్తుగానే పెడతామమ్మా, మొదట్లో అందరికీ కాలు తగులుతుంది’ అన్నారు. నీ కుట్టు బాగుందన్నారు, కానీ గడప మీద పరిచేది గడప కాదు, పట్టా అని కూడా దిద్దారు. ఆయన నీకంటే మొండి.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. తిట్టలేదు. ‘టీ ఖర్చు ఎంతయింది’ అని మాత్రం అడిగారు.

నీ దగ్గర ఒక వాక్యం బాకీ ఉన్నాను కదా, తీసుకో. ఐ టీచ్ ట్వెంటీ నైన్ పీపుల్. వన్ కార్పెంటర్ టీచెస్ మీ.

ఇది నిజం. మీ ఏడుగురి ముందూ పైకి చదివించుకో.

నీ పిడుగు